ఇంటికి కార్డ్‌లెస్ డ్రిల్: వోల్టుల లెక్క తర్వాత, ముందు మీ గోడ సంగతి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారారు. కర్టెన్ రాడ్లు, టీవీ, బాత్‌రూమ్‌లో అద్దం, షెల్ఫులు, బాల్కనీ పైకప్పుకి బట్టలారేసే హ్యాంగర్ బిగించుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడూ ఉండే చిన్నాచితకా రిపేర్లు. బడ్జెట్ 6 నుంచి 7 వేలు. 12 వోల్టులది కొనాలా, 20 వోల్టులదా, లేక ఆన్‌లైన్‌లో 4 వేలకే కనిపిస్తున్న '48 వోల్టుల' కిట్టా?

నా సమాధానం: పేరున్న కంపెనీ 12 వోల్టుల డ్రిల్, హ్యామర్ మోడ్ (తిరుగుతూనే దెబ్బ కూడా కొట్టేది) ఉన్నది, రెండు బ్యాటరీలతో కొనండి. కాంక్రీటులో వేయాల్సిన రంధ్రాల కోసం మాత్రం దాన్ని నమ్ముకోకండి. వాటికి వైరున్న రోటరీ హ్యామర్, అంటే కాంక్రీటుకి పనికొచ్చే గట్టి దెబ్బ కొట్టే మెషిన్, ఒక్క రోజు అద్దెకు తెచ్చుకోండి, లేదా అది ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. 48 వోల్టుల కిట్ అసలు వద్దు.

20 వోల్టులది చెడ్డదని కాదు. మీ బడ్జెట్‌లో వచ్చే 20 వోల్టుల మెషిన్ కూడా కాంక్రీటు దగ్గర మిమ్మల్ని ఏడిపిస్తుంది. మిగతా పనులకేమో 12 వోల్టులది చాలు. నేను ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. ఫ్లాట్లలో మా కార్పెంటర్లు, ఎలక్ట్రీషియన్లు రోజూ ఏ మెషిన్ దేనికి తీస్తారో చూసి చెబుతున్న మాట ఇది. ఒక్క మెషిన్‌తో అన్ని పనులూ చేసే కార్పెంటర్ నాకైతే కనబడలేదు.

ఇక కారణాలు.

ముందు గోడ ఏమిటో తెలుసుకోండి

అడిగేవాళ్లు ఎక్కువమంది వోల్టుల దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది గోడ దగ్గర. మన దగ్గర ఇళ్ల గోడలు ఒక్క రకం కాదు. పాత ఇండిపెండెంట్ ఇళ్లలో ఎర్ర ఇటుక, కొన్ని చోట్ల రాతి గోడలు. ఆ తర్వాత వచ్చిన అపార్ట్‌మెంట్లలో సిమెంటు ఇటుకలు, ఫ్లై యాష్ ఇటుకలు, తేలికైన ఏఏసీ బ్లాకులు. ఈ మధ్య హైదరాబాద్ పడమటి వైపు లేస్తున్న టవర్లలో చాలా వాటికి అల్యూమినియం షటరింగ్ పెట్టి గోడలు, స్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తున్నారు. బిల్డర్లు 'మైవాన్' అనేది దీన్నే. అలాంటి ఫ్లాట్‌లో ఇటుక అన్నదే దాదాపు ఉండదు. పడక గదికీ హాలుకీ మధ్య గోడ కూడా కాంక్రీటే.

మీ ఫ్లాట్ ఏదో బిల్డర్‌నో, మెయింటెనెన్స్ వాళ్లనో అడిగితే చెబుతారు. లేదంటే సోఫా వెనకో, బీరువా వెనకో కనబడని చోట 6 ఎంఎం బిట్టుతో ఒక చిన్న రంధ్రం వేసి చూడండి. మొదటి సెంటీమీటరో, ఒకటిన్నరో ప్లాస్టరింగ్ కాబట్టి బిట్టు సులువుగా దిగుతుంది. తర్వాత ఎర్రటి పొడి రాలితే ఇటుక. బూడిద రంగు పొడి వస్తూ బిట్టు నెమ్మదిగానైనా దిగుతుంటే సిమెంటు బ్లాకో, ఫ్లై యాష్ ఇటుకో. బిట్టు వెన్నలో దిగినట్టు పోతూ లేత రంగు మెత్తటి పొడి వస్తే ఏఏసీ బ్లాకు. ప్లాస్టరింగ్ దాటగానే, లేదా ప్లాస్టరింగ్ లేని మైవాన్ గోడైతే మొదట్లోనే, బిట్టు ఆగిపోయి, ఎంత నొక్కినా వేడెక్కడం తప్ప ముందుకు పోకపోతే అది కాంక్రీటు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. చాలామంది మరిచిపోయేది ఇంకోటి ఉంది: ఇటుక ఇంట్లో కూడా మీరు మొట్టమొదట బిగించబోయేవే కాంక్రీటులో పడతాయి. కర్టెన్ రాడ్ ఎక్కడ పెడతారు? కిటికీ పైన. కిటికీ పైన ఉండేది లింటెల్, అంటే కాంక్రీటు దూలం. బట్టల హ్యాంగర్ పైకప్పుకి, అంటే స్లాబుకి. ఉయ్యాల కొక్కెం అయినా, దోమతెర హుక్కు అయినా అంతే. ఒక్కో కర్టెన్ రాడ్‌కి రెండు బ్రాకెట్లు, బ్రాకెట్‌కి రెండు స్క్రూలు అనుకోండి. ఆరు కిటికీలుంటే 24 రంధ్రాలు, అన్నీ లింటెల్‌లో. 'చిన్న పనే కదా, చిన్న మెషిన్ చాలు' అని కొని, మొదటి కిటికీ దగ్గరే బ్యాటరీ అయిపోయి, బిట్టు మొన అరిగిపోయి ఫోన్ చేసేవాళ్లు అందుకే ఎక్కువ.

హ్యామర్ అని రాసినంత మాత్రాన హ్యామర్ కాదు

హ్యామర్ మోడ్ ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్ మీద సుత్తి బొమ్మ ఉంటుంది. అలాంటి డ్రిల్‌ని ఇంపాక్ట్ డ్రిల్ అంటారు. లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటకా కొడతాయి. నిమిషానికి దెబ్బలు వేలల్లోనే, ఒక్కో దెబ్బలో బలం మాత్రం చాలా తక్కువ. మీరు వెనక నుంచి ఎంత గట్టిగా నొక్కితే అంత పని చేస్తుంది. ఇటుకకి, మోర్టారుకి ఇది సరిపోతుంది.

రోటరీ హ్యామర్ సంగతి వేరు. అందులో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి వేగంతో బిట్టు వెనక గట్టిగా కొడుతుంది. దెబ్బలు తక్కువ, బలం ఎక్కువ. ఆ బలాన్ని జౌల్స్‌లో రాస్తారు. ఇంటి పనికి 2 జౌల్స్ చుట్టుపక్కల ఉన్న చిన్న మెషిన్ చాలు. దాని బిట్టు వెనక భాగంలో గాడులుంటాయి, దాన్ని ఎస్‌డీఎస్ ప్లస్ అంటారు. మామూలు గుండ్రటి బిట్టు అందులో పట్టదు. దానితో పనిచేసేటప్పుడు నొక్కాల్సిన పని లేదు, నిలకడగా పట్టుకుంటే అదే దిగుతుంది. లింటెల్‌లో ఇంపాక్ట్ డ్రిల్‌తో నిమిషాల తరబడి కుస్తీ పట్టే రంధ్రాన్ని ఇది సెకన్లలో వేస్తుంది.

కాంక్రీటుకి కార్డ్‌లెస్ ఇంపాక్ట్ డ్రిల్ వాడడం మిక్సీలో ఇడ్లీ పిండి రుబ్బడం లాంటిది. ఒకట్రెండు సార్లు అవుతుంది. రోజూ అదే పని పెడితే మోటారు వేడెక్కి వాసన కొడుతుంది.

బ్యాటరీతో నడిచే రోటరీ హ్యామర్లు కూడా ఉన్నాయి, బాగుంటాయి కూడా. బ్యాటరీ, ఛార్జరుతో కలిపితే వాటి ధర మీ బడ్జెట్‌కి చాలా దూరం. ఏడాదికి రెండుసార్లు తీసే వస్తువు మీద అంత పెట్టడం నాకు నచ్చదు. ఆ పనికి వైరుదే మేలు.

ఇంకో గందరగోళం కూడా తీర్చేస్తాను. 'ఇంపాక్ట్ డ్రైవర్' అని ఇంకో మెషిన్ ఉంది. పేరు దగ్గరగా ఉంది కాబట్టి ఆన్‌లైన్‌లో పొరపాటున అదే ఆర్డర్ పెడుతుంటారు. అది స్క్రూలు, బోల్టులు బిగించడానికి. దెబ్బ ముందుకు కాదు, తిరిగే దిశలో పడుతుంది. బిట్టు పట్టే చోట మూడు దవడల చక్ ఉండదు, ఆరు పలకల గుంట ఉంటుంది. గోడలకి అది పనికిరాదు.

వోల్టులు, యాంపియర్లు, మాయ అంకెలు

లిథియం సెల్లు ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు. మూడు సెల్లు కలిపితే 10.8. నిండా ఛార్జ్ చేసినప్పుడు 12 దాటుతుంది కాబట్టి దాన్ని 12 వోల్టులని అమ్ముతారు. ఐదు సెల్లు కలిపితే 18. దాన్నే కొన్ని కంపెనీలు 20 వోల్టులని, కొన్ని 21 అని రాస్తాయి. అంటే 18, 20, 21 మూడూ ఒకటే తరగతి. ఒకదాని కన్నా ఇంకోటి గొప్పదని షాపువాడు చెబితే నవ్వి ఊరుకోండి.

ఇప్పుడు ఆ 48 వోల్టుల కిట్ సంగతి. 48 వోల్టులు రావాలంటే పదమూడు సెల్లు వరసగా కలపాలి. ఫోటోలో కనబడే ఆ చిన్న బ్యాటరీలో పదమూడు సెల్లు పట్టవు. విప్పి చూస్తే మామూలుగా ఐదే ఉంటాయి, అవీ నాసిరకానివి. 48, 88, 98 అనేవి స్టిక్కర్ మీద అంకెలు మాత్రమే. టార్క్, అంటే తిప్పే బలం, సంగతీ అంతే. మంచి కంపెనీ 12 వోల్టుల డ్రిల్ 30 న్యూటన్ మీటర్ల దాకా ఇస్తుంది, 18 వోల్టులది 50 చుట్టూ ఉంటుంది. 4 వేల కిట్ మీద 350 అని రాసి ఉంటే మిగతా ఏ అంకెనీ నమ్మనక్కర్లేదు.

బ్యాటరీలో నిజంగా ఎంత శక్తి ఉందో తెలియాలంటే వోల్టుల్ని యాంపియర్ అవర్లతో గుణించండి. 10.8 వోల్టులు, 1.5 యాంపియర్ అవర్ అంటే సుమారు 16 వాట్ అవర్లు. 18 వోల్టులు, 2 యాంపియర్ అవర్ అంటే 36. అంటే రెండు రెట్ల పైనే తేడా. వరసగా పనిచేసేవాడికి ఇది ముఖ్యం. ఇంట్లో ఒక పూట పది రంధ్రాలు వేసేవాళ్లకి పెద్దది అక్కర్లేదు, రెండో బ్యాటరీ ఉంటే చాలు. ఒకటి వాడుతుంటే ఇంకోటి ఛార్జ్ అవుతుంది. అందుకే ఒక్క పెద్ద బ్యాటరీ ఉన్న కిట్ కన్నా రెండు చిన్న బ్యాటరీల కిట్ తీసుకోమంటాను.

12 వోల్టులదానికి ఇంకో లాభం బరువు. నిచ్చెనో, స్టూలో ఎక్కి ఒంటి చేత్తో తల పైకి ఎత్తి పట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. వార్డ్‌రోబ్ లోపల, కిచెన్ క్యాబినెట్ మూలల్లో పొడుగాటి మెషిన్ పట్టదు కూడా. ఇంట్లో డ్రిల్‌ని ఎక్కువగా వాడేది గోడలకి కాదు. ఊడిపోయిన తలుపు కీలు, డ్రాయర్ ఛానెల్, హ్యాండిల్, స్విచ్ బోర్డు ప్లేటు, మంచం బోల్టులు, కొత్తగా తెచ్చిన టేబుల్ బిగింపు, ఇవే. వీటన్నిటికీ 12 వోల్టులది హాయి.

20 వోల్టులది ఎవరికంటే: సొంత ఇల్లు, ఇటుక గోడలు, 10 ఎంఎం కన్నా పెద్ద రంధ్రాలు, ఇనుప గేటు, రేకుల షెడ్డు పనులు ఉన్నవాళ్లకి. లేదా మున్ముందు అదే బ్యాటరీతో నడిచే గ్రైండరు, రంపం, బ్లోయరు కొనే ఉద్దేశం ఉన్నవాళ్లకి. అప్పుడు బడ్జెట్ 9, 10 వేల దాకా పెంచుకుని పేరున్నదే తీసుకోండి. బ్యాటరీ ఏ కంపెనీదైతే ఇకపై మెషిన్లన్నీ ఆ కంపెనీవే కొనాల్సి వస్తుంది కాబట్టి కాస్త ఆలోచించి ఎంచుకోండి. ఒకే కంపెనీలో కూడా తేడాలుంటాయి. బాష్‌లో నీలం రంగు ప్రొఫెషనల్ 18 వోల్టుల బ్యాటరీ, ఇంటివాడకానికి చేసిన ఆకుపచ్చ మెషిన్‌లో పట్టదు. 'బేర్ టూల్' అని తక్కువ ధరకు కనిపించేదానిలో బ్యాటరీ, ఛార్జర్ ఉండవు, అది కూడా చూసుకోండి.

బ్రష్‌లెస్ మోటారు మంచిదే. అదే ఛార్జ్‌తో ఎక్కువ పని చేస్తుంది, కార్బన్ బ్రష్‌లు మార్చే పని లేదు. ఇంటి వాడకానికి మాత్రం దాని కోసం అదనంగా పెట్టకండి. ఆ డబ్బు మంచి బిట్టుల మీద పెట్టండి.

బిట్టులు

మెషిన్ మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా దీని మీద పెట్టరు. కిట్‌తో పాటు ఉచితంగా వచ్చే వంద ముక్కల డబ్బా చూసి మురిసిపోకండి. మీకు కావలసినవి కొన్నే: మొన దగ్గర కార్బైడ్ ముక్క ఉన్న గోడ బిట్టులు 6, 8 ఎంఎం. ఇనుముకి హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టులు 3, 4, 5 ఎంఎం. చెక్కకి కూడా ఇవే నడుస్తాయి. మంచి స్టార్ స్క్రూ బిట్టు, అంటే పీహెచ్2, రెండు మూడు. స్క్రూ తల చెడిపోవడానికి తొంభై శాతం కారణం అరిగిన బిట్టే అని మా కార్పెంటర్ అంటుంటాడు. శాతం సంగతి ఆయనకే వదిలేస్తాను గాని, మాటలో తప్పు లేదు.

టైల్స్ దగ్గర తొందర వద్దు. రంధ్రం వేసే చోట మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెట్టండి. హ్యామర్ మోడ్ ఆపేసి, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. టైలు దాటాకే హ్యామర్ వేయాలి. పాత సిరామిక్ టైలుకి బల్లెం మొన లాంటి టైల్ బిట్టు చాలు. విట్రిఫైడ్ టైలు చాలా గట్టిది, దానికి డైమండ్ బిట్టు, మధ్యమధ్యలో నీళ్లు తప్పవు. టైలు అంచు నుంచి కాస్త లోపలికి రండి. కుదిరితే రెండు టైల్స్ మధ్య గీతలో వేయండి. పాడైనా పూడ్చేస్తే కనబడదు.

ఏఏసీ బ్లాకు అయితే హ్యామర్ మోడ్ అసలు వాడకండి. రంధ్రం వదులైపోయి, స్క్రూ పట్టడానికి అందులో కొట్టే ప్లగ్ నిలబడదు. మామూలు ప్లాస్టిక్ ప్లగ్ కాకుండా ఆ బ్లాకుల కోసమే చేసిన నైలాన్ ప్లగ్ అడిగి తీసుకోండి. టీవీ ఆ గోడకే వస్తుందంటే పొడవాటి ఫాస్టెనర్లు వాడాలి. నేనైతే వెనక ప్లైవుడ్ ప్యానెల్ కొట్టించి దానికి టీవీ బిగిస్తాను.

రంధ్రం వేసేముందు

స్విచ్ బోర్డుకి నేరుగా పైన, కింద వేయకండి. లోపల వైరు పైపు నిలువుగా పోతుంది. బాత్‌రూమ్‌లో కుళాయి, షవర్, గీజర్ లైన్లకి అటూ ఇటూ దూరంగా ఉండండి. బిల్డర్ ఇచ్చిన ప్లంబింగ్ డ్రాయింగ్ ఉంటే ఒకసారి తీసి చూడండి. గోడలోని సీపీవీసీ నీళ్ల పైపుకి బిట్టు తగిలితే టైల్స్ పగలగొట్టక తప్పదు. ఆ ఖర్చులో మూడు డ్రిల్లులు వస్తాయి.

పైకప్పులో 40 ఎంఎం కన్నా లోతుకు వెళ్లాల్సిన అవసరం మామూలుగా రాదు. బిట్టు మీద ఆ కొలత దగ్గర టేపు చుట్టుకోండి. మధ్యలో లోహం తగిలిన శబ్దం వచ్చి బిట్టు ఆగిపోతే అది స్లాబు కడ్డీ. దాన్ని కోయాలని చూడకండి, ఒకటి రెండు అంగుళాలు పక్కకి జరిపి వేయండి. కొన్ని పెద్ద భవనాల్లో స్లాబు 'పోస్ట్ టెన్షన్' పద్ధతిలో ఉంటుంది. అందులో గట్టిగా లాగి బిగించిన ఉక్కు తీగలుంటాయి. మీది అలాంటిదైతే మెయింటెనెన్స్ వాళ్లు చెప్పేదాకా పైకప్పుకి బిట్టు పెట్టవద్దు. కళ్లద్దాలు తప్పనిసరి, ముఖ్యంగా తల పైకెత్తి పని చేసేటప్పుడు. చీర కొంగు, చున్నీ, వదులు చేతులు, గ్లౌజులు తిరిగే చక్‌కి దూరంగా ఉండాలి.

అద్దె రోజు ఎలా వాడుకోవాలి

రోటరీ హ్యామర్‌ని ఒక్కో పనికి ఒక్కోసారి తెస్తే డబ్బు దండగ. లింటెల్, స్లాబు, కాంక్రీటు గోడల మీద వేయాల్సినవన్నీ ముందురోజే పెన్సిల్‌తో గుర్తు పెట్టేసుకోండి. రాడ్లు, బ్రాకెట్లు, ప్లగ్‌లు ఇంటికి వచ్చేశాకే మెషిన్ తెప్పించండి. బ్రాకెట్ చేతిలో లేకుండా గుర్తు పెడితే అర అంగుళం తేడా తప్పదు. ఒక పూటలో రంధ్రాలన్నీ వేసి ప్లగ్‌లు కొట్టేయండి. స్క్రూలు తర్వాత తీరిగ్గా మీ 12 వోల్టుల డ్రిల్‌తోనే బిగించుకోవచ్చు. అక్కడ చక్ వెనక రింగు మీద ఉండే క్లచ్ అంకె (ఎంత బలంతో బిగించాలో చెప్పేది) చిన్నదిగా పెట్టుకుని కొద్దికొద్దిగా పెంచండి. డ్రిల్ బొమ్మ దగ్గర పెట్టి బిగిస్తే ప్లగ్ తిరిగిపోతుంది, లేదా స్క్రూ తల తెగుతుంది. అపార్ట్‌మెంట్‌లో మధ్యాహ్నం నిద్ర వేళల్లో డ్రిల్లింగ్ ఒప్పుకోరు కాబట్టి ముందే అడిగి ఉదయం పూట పెట్టుకోండి.

మీది పూర్తి కాంక్రీటు ఫ్లాట్ అని తేలితే లెక్క కొంచెం మారుతుంది. హ్యామర్ మోడ్ లేని 12 వోల్టుల డ్రిల్లే తీసుకోండి. ఇంకా తేలిక, ధర కూడా కాస్త తక్కువ. గోడ పని ఎలాగూ దానితో కాదు. మిగిలిన డబ్బు అద్దెకి. ఇల్లు సొంతమై, గోడలకి ఏదో ఒకటి బిగిస్తూ ఉండే అలవాటుంటే చిన్న వైరు రోటరీ హ్యామర్ కొనేయడం కూడా తప్పు కాదు.

ఎక్కడ కొనాలి

మీరు చివర్లో అడిగారు కాబట్టి. ధర ఆన్‌లైన్‌లో తక్కువ ఉండొచ్చు గాని, చేతిలోకి తీసుకుని బరువు చూసుకోవాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లండి. టూల్స్ షాపులు వరసగా ఉంటాయి, నాలుగు మెషిన్లు పట్టుకుని చూడొచ్చు. చక్‌లో బిట్టు పెట్టి నెమ్మదిగా తిప్పి చూడండి. మొన అటూ ఇటూ ఊగితే ఆ పీస్ వద్దనండి. ట్రిగ్గర్ కొద్దిగా నొక్కితే నెమ్మదిగా, ఎక్కువ నొక్కితే వేగంగా తిరగాలి. విడి బ్యాటరీ ధర ఎంతో, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఊళ్లో ఉందో లేదో అడగండి. మూడు నాలుగేళ్ల తర్వాత పోయేది మెషిన్ కన్నా ముందు బ్యాటరీయే. అది విడిగా దొరకని కిట్ ఎంత చవకైనా అనవసరం. బిల్లు వేయించుకోండి, వారంటీని కంపెనీ సైట్‌లో ఆరోజే రిజిస్టర్ చేయండి.

ఇంటికి తెచ్చాక బ్యాటరీని మే నెలలో బాల్కనీలో గానీ, కారు డిక్కీలో గానీ వదలకండి. పని అయిన వెంటనే వేడిగా ఉన్నదాన్ని ఛార్జింగ్‌కి పెట్టకండి. చల్లారాక పెట్టండి. నెలల తరబడి వాడకుండా దాచాల్సి వస్తే సగం ఛార్జ్‌లో ఉంచి, మెషిన్ నుంచి తీసి, లోపలి గదిలో అలమరలో పెట్టండి.

మీ ఫ్లాట్ గోడ ఏ రకమో, టీవీ ఎన్ని అంగుళాలో కింద రాయండి, ఫాస్టెనర్ సైజు చెబుతాను.